కదిరి మొబైల్ రిపేర్ షాపులకు వెబ్ యాప్ చేశాక తెలిసినవి: నెట్ లేని కౌంటర్, 70 అక్షరాల ఎస్సెమ్మెస్, ప్యాటర్న్ లాక్ గొడవ

ఈ సైట్‌లో మనం ఎక్కువగా కొత్త ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి పగిలిన ఫోన్ల గురించి. అంటే డిస్‌ప్లే పోయి, ఛార్జింగ్ జాక్ వదులై, రిపేర్ షాపు డ్రాయర్‌లో రబ్బర్ బ్యాండ్ చుట్టుకుని పడున్న ఫోన్లు. వాటి లెక్క చూసుకోవడానికి నేను ఒక వెబ్ యాప్ చేసి మా కదిరిలో షాపులకు ఇచ్చాను. అది చేసేటప్పుడూ, ఇచ్చిన తర్వాతా తెలిసిన విషయాలే ఈ ఆర్టికల్.

నా గురించి రెండు ముక్కలు. బీటెక్ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం, వారంలో కొన్ని రోజులు కదిరి ఇంటి నుంచే పని. ఆఫీసులో నేను రాసే కోడ్ ఎవరు వాడతారో నాకు తెలీదు, వాళ్ల మొహం ఎప్పుడూ చూడలేదు. ఈ యాప్ వాడేవాళ్లు మాత్రం మా వీధి దాటితే కనిపిస్తారు. బటన్ పని చేయకపోతే వాళ్లు ఈమెయిల్ పెట్టరు, ఇంటి ముందు బండి ఆపి హారన్ కొడతారు.

యాప్ పని చాలా చిన్నది. కస్టమర్ ఫోన్ ఇచ్చినప్పుడు షాపులో రాసే చీటీని బ్రౌజర్‌లోకి తేవడం. ఎవరి ఫోన్, ఏం రిపేర్, ఎంత చెప్పాం, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి. అంతే. కోడ్ కొన్ని వారాంతాల్లోనే అయిపోయింది. దాన్ని కౌంటర్ మీద నిలబెట్టడానికి ఏడాది దగ్గర పట్టింది. ఇప్పుడు కదిరిలో, ధర్మవరంలో కలిపి పదకొండు షాపులు వాడుతున్నాయి. పెద్ద నంబర్ కాదని నాకూ తెలుసు. కానీ పదకొండు మందీ డబ్బు కట్టి వాడుతున్నారు.

పోటీ ఇంకో యాప్‌తో కాదు, చీటీతో

కోడ్ మొదలుపెట్టే ముందు బస్టాండు దగ్గర ఒక భాయ్ షాపులో రెండు శనివారాలు స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు. చీటీ ఎలా రాస్తున్నాడో చూడ్డమే పని.

చీటీ చాలా గట్టి ప్రోడక్ట్ అండీ. ఇరవై సెకన్లలో అయిపోతుంది. ఛార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఫోన్ వెనక పెట్టి రబ్బర్ బ్యాండ్ వేస్తే ఫోనూ, దాని వివరాలూ ఒకే చోట ఉంటాయి. చేతికి సోల్డరింగ్ పేస్ట్ అంటుకున్నా రాయొచ్చు. దీన్ని దాటి ఏదైనా అమ్మాలంటే ముందు దీనికున్న లోపం పట్టుకోవాలి.

లోపం రాసేటప్పుడు కనిపించలేదు, తర్వాత కనిపించింది. రోజంతా ఫోన్లు. "అన్నా, నా ఫోన్ ఏమాయె?" డిస్‌ప్లే బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి రావాలి, రాత్రి బస్సుకి వేశారో లేదో తెలీదు. భాయ్ చేతిలో హీట్ గన్ పట్టుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, డ్రాయర్ తెరిచి చీటీ వెతుకుతాడు. ఒక శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఇలాంటి కాల్స్ పంతొమ్మిది లెక్కపెట్టాను. ఆ రెండు గంటల్లో రిపేర్ అయిన ఫోన్లు మూడే.

ఇంకోటి కూడా ఆ స్టూల్ మీదే తెలిసింది. నా డిజైన్ స్కెచ్‌లో మొదటి గడి మోడల్ పేరు, రెండోది ఐఎంఈఐ. భాయ్ మోడల్ రాయనే రాయడు. ఫోన్ కళ్ల ముందే ఉంది కదా, రాయడమెందుకు? మొదట రాసేది ఫోన్ నంబర్. అదీ ఏ నంబర్? కస్టమర్ సిమ్ ఉన్న ఫోనే రిపేర్‌కి వచ్చింది. ఆ నంబర్‌కి మెసేజ్ పంపితే డ్రాయర్‌లో ఉన్న డెడ్ ఫోన్‌కే పోతుంది. అందుకే భాయ్ ఎప్పుడూ "ఇంట్లో ఇంగో నంబర్ చెప్పు సామీ" అని అడుగుతాడు. నేను చూసిన ఫారమ్ టెంప్లేట్లలో "మొబైల్ నంబర్" అని ఒకే గడి ఉంటుంది. రిపేర్ షాపులో ఆ ఒక్క గడి పనికిరాదు. మా యాప్‌లో పైనే రెండు గడులు ఉంటాయి: కస్టమర్ నంబర్, ఇంట్లో ఇంకో నంబర్.

టైపింగ్ కూడా వీలైనంత తీసేశాను. డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ జాక్, స్పీకర్, సాఫ్ట్‌వేర్, నీళ్లలో పడింది. ఈ ఆరు బటన్లు ఉంటే చీటీల్లో రాసేవాటిలో చాలావరకు వచ్చేస్తాయి. మిగతావాటికి కీబోర్డులో మైక్ నొక్కి చెప్పేస్తారు.

రెడ్‌బస్ వాళ్లు మొదట అడిగింది సీట్లే

షాపు దగ్గరికి వెళ్లి "ఇంకమీదట చీటీ మానేసి ఇందులో రాయండి" అంటే ఎవరూ వినరు. నేను అలా అడగలేదు. అడగకపోవడానికి కారణం రెడ్‌బస్ కథ.

2005 దీపావళికి ఫణీంద్ర సామకు బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లడానికి బస్ టికెట్ దొరకలేదు. ఈ ముక్క చాలామందికి తెలుసు. ఆ తర్వాతి ముక్కే మనకు పనికొచ్చేది. ఆ రోజుల్లో ప్రైవేట్ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో తెలియాలంటే ఏజెంట్ ఫోన్ ఎత్తి ఆపరేటర్‌ని అడగాల్సిందే. ఫణీంద్ర, ఆయన బిట్స్ పిలాని స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి కలిసి దీనికి మొదట అనుకున్నది బస్ ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ ఇవ్వడం. ఆపరేటర్ సీట్లన్నీ కంప్యూటర్‌లో పెడితే ఏజెంట్లందరికీ కనిపిస్తాయి. ఆలోచన సరైనదే. కానీ ఆపరేటర్లు పట్టించుకోలేదు. వాళ్ల పని ఫోన్ మీద, పుస్తకం మీద నడిచిపోతోంది మరి.

అప్పుడు వాళ్లు సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి సీట్లు అడిగారు. కొన్ని సీట్లు మాకివ్వండి, మేం అమ్మిపెడతాం. 2006 ఆగస్టులో సైట్ మొదలైంది. ఆపరేటర్ తన పుస్తకం మార్చుకోనక్కర్లేదు, ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఖాళీగా పోయే సీటు అమ్ముడైతే చాలు. టికెట్లు అమ్మి చూపించాక, ఆ తర్వాతే ఆపరేటర్ల సాఫ్ట్‌వేర్ మళ్లీ బయటికి వచ్చింది, ఈసారి తీసుకున్నారు. 2013లో ఐబిబో గ్రూప్ కంపెనీని కొన్నది.

చాలామంది ఇందులో పట్టుదలని చూస్తారు. నాకు కనిపించేది వరస. అవతలివాడి అలవాటుని ముట్టుకోకుండా వాడికొక పని చేసిపెట్టాలి. అలవాటు సంగతి తర్వాత.

సో, నేను భాయ్‌ని అడిగింది ఇది: "చీటీ నువ్వు రాసుకో అన్నా. నంబర్ ఒక్కటి ఇందులో కొట్టు. ఫోన్ రెడీ అయినప్పుడు బటన్ నొక్కు, మెసేజ్ పోతుంది. నీకు కాల్స్ తగ్గుతాయి." మొదటి వెర్షన్‌లో ఉన్నది అంతే. బిల్లు లేదు, స్టాక్ లేదు, రిపోర్టులు లేవు. నెల గడిచాక ఆయనే అడిగాడు, "తమ్ముడూ, అడ్వాన్స్ ఎంత ఇచ్చినారో కూడా దీంట్లోనే రాసుకుంటే బాగుంటాది కదప్పా?" అప్పుడు ఆ గడి చేర్చాను. చీటీ పుస్తకం ఇప్పటికీ కౌంటర్ మీదే ఉంది. దాని మీద టీ గ్లాస్ పెడుతున్నాడు.

మెసేజ్ పంపడం అంత సులువు కాదు

"బటన్ నొక్కితే మెసేజ్" అని ఒక్క ముక్కలో చెప్పాను గానీ, ఖర్చు ఎక్కువ పెట్టించే ఫీచర్ అదే. తెలుగులో యాప్ చేసేవాళ్లు ఈ లెక్క ముందే తెలుసుకోవాలి.

ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్ ఒకదాంట్లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి వచ్చినా మొత్తం మెసేజ్ యూనికోడ్ అయిపోతుంది, అప్పుడు పట్టేది 70 మాత్రమే. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ధర్మవరం అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కి ధ, ర, పొల్లు, మ, వ, ర, సున్నా: మొత్తం ఏడు. వత్తుకీ గుడికీ కొమ్ముకీ అన్నిటికీ విడివిడిగా చోటు కావాలి.

"మీ ఫోన్ రెడీ అయింది. షాపుకు వచ్చి తీసుకోండి. బిల్లు రూ. 450." ఈ మెసేజ్ ఖాళీలతో కలిపి 60. ఇంకా షాపు పేరు రాలేదు, జాబ్ నంబర్ రాలేదు. అవి చేర్చగానే 70 దాటుతుంది, రెండు మెసేజ్‌ల డబ్బు పడుతుంది. పైగా ముక్కలుగా పోయేటప్పుడు ఒక్కో ముక్కలో 67 మాత్రమే.

డబ్బు ఒక్కటే కాదు. మన దేశంలో బిజినెస్ ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో రిజిస్టర్ అవ్వాలి, పంపే పేరుకి అనుమతి తీసుకోవాలి, ప్రతి మెసేజ్ నమూనాకీ ముందే అనుమతి తీసుకోవాలి. స్పామ్ ఆపడానికి అది మంచిదే, నేనేం తప్పుపట్టను. కానీ ఒక చిన్న రిపేర్ షాపు ఆ కాగితాలన్నీ పెట్టి రిజిస్టర్ అవుతుందా? అవ్వదు. అన్ని షాపుల తరఫునా నా పేరు మీద పంపితే, కస్టమర్‌కి తెలియని పేరు నుంచి మెసేజ్ వస్తుంది. తెలియని పేరుతో వచ్చే మెసేజ్‌లో "బిల్లు రూ. 450" అని ఉంటే మీరు నమ్ముతారా? మా అమ్మ అయితే వెంటనే డిలీట్ చేస్తుంది, చేయాలి కూడా.

అందుకే వాట్సాప్ లింక్ దారి పట్టాను. డబ్ల్యూఏ డాట్ మీ అనే లింక్‌కి వెనక నంబరూ, రాయాల్సిన మాటలూ చేర్చి తెరిస్తే, షాపువాడి ఫోన్‌లో వాట్సాప్ తెరుచుకుంటుంది, మెసేజ్ రాసి సిద్ధంగా ఉంటుంది. ఆయన పంపే బాణం నొక్కాలి. దీనికి ఖర్చు లేదు, అనుమతులు లేవు, అక్షరాల లెక్క లేదు. మెసేజ్ కస్టమర్‌కి తెలిసిన షాపు నంబర్ నుంచే పోతుంది. ఇంజనీర్ బుర్రకి ఇది కొంచెం నామోషీగా అనిపిస్తుంది, ఆటోమేటిక్ కాదు కదా అని. షాపువాళ్లకి అదే నచ్చింది. పంపే ముందు వాళ్లు మాట మారుస్తారు: "అక్కా, ఫోన్ అయిపోయింది, సాయంత్రం రాండి, రేపు మధ్యాహ్నం వరకు షాపు తియ్యం." ఇలాంటి మెసేజ్ ఏ టెంప్లేటూ రాయలేదు.

ఒక్క జాగ్రత్త. ఈ మెసేజ్ పోయేది ఇంట్లో ఇంకొకరి నంబర్‌కి. అంటే భార్య ఫోన్ గురించి భర్తకి, కూతురి ఫోన్ గురించి తండ్రికి. అందుకని యాప్ తయారుచేసే మెసేజ్‌లో రిపేర్ వివరం ఉండదు. "ఫోన్ రెడీ, బిల్లు ఇంత" అంతవరకే. ఫోన్‌లో ఏం చేశారన్నది ఆ ఫోన్ సొంతదారుకి షాపులో చెబుతారు.

తేరు రోజు

కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాల్లో తేరు రోజు ఊరు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడి నుంచో జనం. ఆ తోపులాటలో కింద పడే ఫోన్లకు కొదవ ఉండదు, షాపులకి మంచి బేరం. అదే రోజు మొబైల్ నెట్ ఉన్నట్టే ఉండి లేనట్టు ఉంటుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

వెబ్ యాప్‌కి అసలు పరీక్ష ఇదే. నెట్ పూర్తిగా లేకపోవడం సులువైన కేసు. సగం ఉండి సగం లేకపోవడమే కష్టం. షాపువాడు సేవ్ నొక్కుతాడు, ఏమీ కాదు. మళ్లీ నొక్కుతాడు. మూడోసారి కూడా. ఐదు నిమిషాలకి మూడూ సర్వర్‌కి చేరతాయి, ఒకే ఫోన్‌కి మూడు చీటీలు. దీనికి మందు తెలిసినదే: ఫారమ్ తెరిచినప్పుడే ఫోన్‌లోనే ఒక ప్రత్యేక గుర్తు తయారు చేసి, ప్రతి ప్రయత్నంతో అదే గుర్తు పంపాలి. సర్వర్ ఆ గుర్తు ఇంతకుముందే చూసుంటే కొత్త చీటీ రాయదు.

మా యాప్‌లో సేవ్ మొదట ఫోన్‌లోనే జరుగుతుంది. బ్రౌజర్ లోపల ఇండెక్స్‌డ్‌డీబీ అనే చిన్న డేటాబేస్ ఉంటుంది, చీటీ అందులో పడుతుంది. సర్వీస్ వర్కర్ వల్ల యాప్ స్క్రీన్లు నెట్ లేకున్నా తెరుచుకుంటాయి. నెట్ వచ్చినప్పుడు వరసలో ఉన్నవి పైకి వెళతాయి. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. పుస్తకంలో ఉండనిది జాబ్ నంబర్. షాపులో రెండు ఫోన్లు, ఒకటి ఓనర్‌ది, ఒకటి పని చేసే అబ్బాయిది. ఇద్దరికీ నెట్ లేదు. ఇద్దరూ 214 నంబర్ ఇచ్చేస్తే? లోపల ఎన్ని గుర్తులైనా పెట్టుకోవచ్చు, కస్టమర్‌కి నోటితో చెప్పడానికి చిన్న నంబర్ కావాలి కదా. మేం ఒక్కో ఫోన్‌కి ఒక అక్షరం ఇచ్చాం. ఓనర్ ఫోన్‌లో క 214, అబ్బాయి ఫోన్‌లో గ 214. దీని వల్ల ఎవరు తీసుకున్న ఫోనో కూడా తెలిసిపోతుంది. ఓనర్లకి ఇది ఇంకో లాభంగా కనిపించింది, అబ్బాయిలకి అంత నచ్చలేదు.

షాపులో యాప్ నడిచే ఫోన్ల గురించి కూడా చెప్పాలి, ఇది గాడ్జెట్ సైట్ కాబట్టి. రిపేర్ షాపువాడి దగ్గర మంచి ఫోన్ ఉంటుందనుకుంటాం. ఉంటుంది, ఆయన జేబులో. కౌంటర్ మీద పెట్టేది కస్టమర్ వదిలేసిపోయిన 2 జీబీ, 3 జీబీ ర్యామ్ ఫోన్. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో మెరుపులా తెరుచుకునే పేజీ అందులో నడవలేక నడుస్తుంది. తెలుగు వెబ్ ఫాంట్ ఒకటి డౌన్‌లోడ్ చేయిస్తే వందల కేబీ. అది అనవసరం, ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంట్ ముందే ఉంది, దాన్నే వాడాను. ఇంకోటి: బటన్ల ఎత్తు ఇంగ్లిష్ కొలతల్లో ఫిక్స్ చేస్తే తెలుగు వత్తులు కింద తెగిపోతాయి. "పూర్తి" అన్న మాటలో తావత్తు కనిపించకపోతే చదివేవాడికి అది ఏ మాటో అర్థం కాదు. బటన్ ఎత్తు మాటని బట్టి పెరిగేలా వదిలేయాలి.

ఐఎంఈఐ గడి తర్వాత చేర్చాను, ఇష్టమైతే నింపేలా. 15 అంకెలు ఉంటాయి, చివరిది మిగతా పద్నాలుగింటి నుంచి లెక్కకట్టే చెక్ అంకె. అంటే ఒక అంకె తప్పుగా కొడితే నెట్ లేకుండానే ఫోన్‌లోనే పట్టుకోవచ్చు. ఇది ఎందుకంటారా? సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు అది పోయిన ఫోనో కాదో చూసుకోవడానికి. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ కొట్టి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే వివరాలు వస్తాయి. సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడొచ్చు. మీరు పాత ఫోన్ కొనేటప్పుడు కూడా ఈ పని చేయండి, డబ్బు ఇవ్వకముందే.

తొమ్మిది చుక్కలు

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయం.

రిపేర్ షాపు చీటీ ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చాలావాటిలో ఒక మూల తొమ్మిది చుక్కలు అచ్చు వేసి ఉంటాయి, మూడు వరసలు. కస్టమర్ ప్యాటర్న్ లాక్ అక్కడ గీస్తారు. పిన్ అయితే పక్కన రాస్తారు. డిస్‌ప్లే మార్చాక టచ్ అన్ని మూలలా పని చేస్తోందా, కెమెరా, స్పీకర్ బాగున్నాయా చూడాలంటే లాక్ తీయాలి. షాపువాళ్ల కోణంలో అది న్యాయమైన అవసరమే.

దాదాపు ప్రతి షాపూ అడిగిన ఫీచర్ ఇదే. "ప్యాటర్న్ కూడా దీంట్లో గీసేతట్ల పెట్టు తమ్ముడూ." కోడ్‌గా చూస్తే అది ఒక్క సాయంత్రం పని. నేను పెట్టలేదు.

ఎందుకో చెబుతాను. చీటీ మీద గీసిన ప్యాటర్న్ ఒక డ్రాయర్‌లో ఉంటుంది, ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు చిరిగిపోతుంది. యాప్‌లో గీసిన ప్యాటర్న్ నా సర్వర్‌లో ఉంటుంది. పక్కనే పేరు, నంబర్, ఇంట్లో ఇంకొకరి నంబర్. ఏడాది పోయినా ఉంటుంది, బ్యాకప్‌లలో కూడా ఉంటుంది. మనలో ఎంతమంది ఫోన్ లాక్‌కీ యూపీఐ పిన్‌కీ ఒకే అంకెలు పెట్టుకుంటారు? ఆ ఫోన్లలో ఫోటోలుంటాయి, వాట్సాప్ ఉంటుంది, బ్యాంకు యాప్ ఉంటుంది. కదిరి లాంటి ఊళ్లో రిపేర్‌కి ఫోన్ ఇచ్చే ఆడపిల్లలు కౌంటర్ దగ్గర ఒక్క క్షణం ఆగి లాక్ చెప్పడం నేను ఆ స్టూల్ మీద కూర్చుని చూశాను. ఆ ఒక్క క్షణం భయాన్ని నా డేటాబేస్‌లో కొన్నేళ్లు దాచిపెట్టే అధికారం నాకెవరిచ్చారు? 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెప్పేది ఇలాంటిదే: పనికి ఎంత అవసరమో అంతే తీసుకోవాలి, పని అయ్యాక ఉంచుకోకూడదు. చట్టం లేకపోయినా నా నిర్ణయం ఇదే అయ్యేది.

ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టొచ్చు కదా అని నా ఆఫీసు ఫ్రెండ్ అన్నాడు. పెట్టొచ్చు. కానీ షాపువాడికి చూపించాలంటే తాళం తీయాలి, ఆ తాళం నా దగ్గరే ఉండాలి. అసలు లేని డేటాని ఎవరూ దొంగిలించలేరు, అది ఇంకా చౌక.

బదులుగా రెండు పనులు చేశాను. ప్రింట్ తీసుకునే షాపుల చీటీలో తొమ్మిది చుక్కలు ఖాళీగా వస్తాయి, గీయాలంటే పెన్నుతో గీయాలి, ఫోన్ ఇచ్చేటప్పుడు "చీటీ కస్టమర్ చేతికిచ్చారా?" అని యాప్ అడుగుతుంది. రెండోది, సాంసంగ్ ఫోన్ అని ఎంచుకుంటే మెయింటెనెన్స్ మోడ్ ఎలా ఆన్ చేయాలో తెలుగులో చూపిస్తుంది. ఇది సాంసంగ్ 2022లో తెచ్చింది, సెట్టింగ్స్‌లో బ్యాటరీ, డివైస్ కేర్ కింద ఉంటుంది. ఆన్ చేస్తే మీ ఫోటోలు, మెసేజ్‌లు, యాప్‌లు కనిపించవు, ఖాళీ ఫోన్‌లా తెరుచుకుంటుంది, మెకానిక్ టచ్, కెమెరా అన్నీ చూసుకోవచ్చు. గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. సమస్య ఏంటంటే కౌంటర్ మీదకి వచ్చే చాలా బడ్జెట్ ఫోన్లలో ఇలాంటిది దొరకదు. డిస్‌ప్లే పూర్తిగా పోయాక ఆన్ చేయడం కూడా కుదరదు. మనం ఫోన్ రివ్యూల్లో కెమెరా మెగాపిక్సెళ్లు లెక్కపెడతాం, ఈ మోడ్ ఉందా లేదా అని ఎవరూ రాయరు. రాయాలి.

ఈ విషయంలో ఒక షాపు వెళ్లిపోయింది. ఊళ్లో అందరికన్నా ఎక్కువ ఫోన్లు వచ్చే షాపు అది. "మాకు కావాల్సింది పెట్టకపోతే మాకెందుకు సామీ" అన్నాడు ఓనర్, కోపంగా కాదు, మామూలుగానే. ఆ నెల నా లెక్కలో అది పెద్ద లోటు, సర్వర్ అద్దె నా జీతంలోంచి కట్టాను. ఆయన ఇప్పటికీ చీటీలే వాడుతున్నాడు. దారిలో కనిపిస్తే టీ తాగుతాం, యాప్ మాట ఎత్తం.

డబ్బు ఎప్పుడు వస్తుంది

ధర నెలకి 150 రూపాయలు. ఒక టెంపర్డ్ గ్లాస్ రేటు. నెల నెలా యూపీఐలో పంపుతారు. ఆటోపే పెడదామంటే ఎవరూ ఒప్పుకోలేదు, అకౌంట్‌లోంచి దానంతటదే డబ్బు పోవడం వాళ్లకి నచ్చదు. నేనూ బలవంతం చేయలేదు. అడిగి తీసుకోవడంలో ఒక లాభం ఉంది: నెలకోసారి మాట్లాడాల్సి వస్తుంది, అప్పుడే అసలు ఇబ్బందులు చెబుతారు.

బాకీ గడి అలాగే పుట్టింది. మా వైపు వేరుశనగ పంట. జూన్, జూలైలో విత్తితే చేతికి డబ్బొచ్చేది అక్టోబర్, నవంబర్ తర్వాత. పల్లె నుంచి వచ్చే రైతు ఆగస్టులో ఫోన్ బాగు చేయించుకుని "కాయలు అమ్మినాంక ఇస్తా అన్నా" అంటాడు. షాపువాడు సరే అంటాడు, మనిషి తెలిసినవాడే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ముప్పై రోజులు దాటితే ఎర్ర రంగులో "గడువు దాటింది" అని చూపించడం మామూలు. ఇక్కడ గడువు పంటని బట్టి ఉంటుంది. అందుకే మా దాంట్లో బాకీకి తేదీ లేదు, ఎర్ర రంగు లేదు, రిమైండర్ దానంతటదే పోదు. పేరు, మొత్తం, ఊరు, అంతే. ఊరి పేరుతో వెతికితే ఆ ఊరి బాకీలన్నీ వస్తాయి. ఎందుకంటే ఆ ఊరి నుంచి ఇంకెవరైనా షాపుకి వస్తే వాళ్లతో చెప్పిపంపిస్తారు. ఈ చిన్న వెతుకులాట ఎక్కువ వాడే ఫీచర్లలో ఒకటి అవుతుందని నేను ఊహించలేదు.

ప్రస్తుతం ప్రింటర్ మీద పని చేస్తున్నాను. షాపుల్లో ఉండే 58 మిల్లీమీటర్ల చిన్న థర్మల్ ప్రింటర్లకి తెలుగు రాదు, అక్షరాలు పంపితే పిచ్చి గుర్తులు వస్తాయి. చీటీ మొత్తాన్ని 384 చుక్కల వెడల్పు బొమ్మగా మార్చి పంపితే చక్కగా వస్తుంది. కానీ చౌక ప్రింటర్లలో చాలావరకు పాత తరహా బ్లూటూత్, నేను వాడే పద్ధతిలో బ్రౌజర్ నేరుగా మాట్లాడగలిగేది బ్లూటూత్ లో ఎనర్జీతోనే. ఇప్పటికి మధ్యలో ఒక ప్రింట్ యాప్ పెట్టి నడిపిస్తున్నాను, ఒక నొక్కు ఎక్కువవుతోంది. బీఎల్ఈతో వచ్చే, తెలుగు బొమ్మని మధ్యలో ఆగకుండా కొట్టే ప్రింటర్ మీరెవరైనా వాడుతుంటే మోడల్ చెప్పండి. ధర రెండు వేల లోపు ఉండాలి, అంతకన్నా ఎక్కువైతే భాయ్ పెన్నే మేలంటాడు.